పోలీసు ఇంటి ముందు మిరప పొగ

మా మేనల్లుడు ఖాజావలి కష్టపడి సాధించిన మొదటి విజయం అర అంగుళం ఛాతీ. వినడానికి చిన్నదిగానే ఉంటుంది. గుంటూరు పోలీసు మైదానంలో చొక్కా విప్పి, టేపు పట్టుకున్న ఆఫీసరు ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డవాళ్లకు తెలుస్తుంది అర అంగుళం ఎంత పొడవో. మావాడికి ఎత్తు సరిపోయింది, పరుగు సరిపోయింది, చదివిన చదువూ సరిపోయింది. గాలి పీల్చి ఉబ్బించమంటే మాత్రం ఛాతీ ఆ అర అంగుళం దగ్గర మొండికేసేది. రెండేళ్లు వరసగా వెనక్కి పంపారు. రెండోసారి మొహం వేలాడేసుకుని వచ్చిన రోజున వాడి తల్లి, అంటే నా చెల్లెలు జానీబీ, దూదేకే విల్లు తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

మాది దూదేకులవాళ్ల ఇల్లు. మా విల్లు మనిషికంటే పొడుగుంటుంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేతిలోని కొయ్యతో నారిని కొడుతూ ఉంటే ఉండలు కట్టిన పత్తి విడిపోయి నురగలా లేస్తుంది. టంగుమని మోగే ఆ చప్పుడు ఊరి అవతలి చేలదాకా వినిపిస్తుంది. ఏడాదిపాటు మా రేగడిపాలెంలో పాతబడ్డ పరుపులన్నీ ఖాజావలే ఏకాడు. ఊళ్లో ఇంటింటికీ తిరిగి, మంచి పరుపులు కూడా పాతబడ్డాయని ఒప్పించి, మోసుకొచ్చి వాడి ముందు పోసింది నేను. 1956లో మూడోసారి టేపు చుట్టిన ఆఫీసరు అంకెను రెండుసార్లు చూసుకుని, ఏం తింటున్నావురా అని అడిగాడట. దూది అండీ అన్నాడట మావాడు.

మన గ్రంథాలయం వార్షిక సంచికకు, ఊరికి పేరు తెచ్చినవాళ్ల గురించి రాయమని నన్ను అడిగారు. నేను ఈ ఊరి బళ్లోనే ఐదో తరగతి ఫస్టున ప్యాసయ్యాను. ఖాజావలి చిన్నతనంలోనే తండ్రి పోతే అక్షరాలు దిద్దించింది నేను, సైకిలు తొక్కడం నేర్పింది నేను. కాబట్టి ఈ పని నాకే అప్పజెప్పడం న్యాయంగానే ఉంది.

పోలీసులో చేరాక మావాడు చేసినవి చాలా ఉన్నాయి. జిల్లా పోలీసు ఆటల్లో సైకిలు పందెంలో నెగ్గి కప్పు తెచ్చాడు. కోటప్పకొండ తిరనాళ్లలో తప్పిపోయిన పిల్లను భుజాన ఎక్కించుకుని, తల్లి కనబడేదాకా కొండ చుట్టూ తిప్పాడు. ఆ పిల్ల దిగనని ఏడిస్తే ఆ తల్లిని కూడా వెంటబెట్టుకుని ఇంకో చుట్టు తిప్పాడు. కానీ వాడి పేరు పేపర్లో పడేటంత పని, వాడి కొంప మీదికి తెచ్చిన పని ఒకటే. అది మిరప బస్తా.

అది 1959. సారా నిషేధం గట్టిగా అమలు చేస్తున్న రోజులు. గుంటూరు వెళ్లే రోడ్డు మీద బళ్లు ఆపి చూడడం ఖాజావలికి ఆ వారం డ్యూటీ. మిరప బస్తాల బండి వస్తే పోలీసులు దూరం నుంచే చేయి ఊపి పొమ్మనేవాళ్లు. బస్తా విప్పి లోపల చేయి పెడితే ఆ పూటంతా తుమ్ములే కదా. మా ఇళ్లలో దూది ఏకేటప్పుడు ముక్కులోకి నూగు పోకుండా, గుడ్డ మడతలో కాస్త పత్తి పెట్టి, తడిపి, ముక్కూ నోరూ మూసి కట్టుకుంటాం. ఖాజావలి జేబులో ఆ గుడ్డ ఎప్పుడూ ఉండేది. గుడ్డ కట్టుకుని, బస్తా విప్పి, మోచేయిదాకా దూర్చాడు. ఎర్రటి కాయల నడుమ మెత్తగా ఏదో తగిలింది. లాగితే లారీ ట్యూబు ముక్క, రెండు కొసలూ గట్టిగా కట్టి, నిండా నాటుసారా. బండి తోలుతున్నవాడి తలగుడ్డ తీయిస్తే, మా జానీబీ ఎదురింటి పానకాలు.

పానకాలును మావాడు పుట్టినప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాడు. పానకాలు కిందికి దిగి, పక్కవాళ్లకు వినబడకుండా, "ఒరేయ్ ఖాజా, మన ఊరోణ్ణిరా," అన్నాడట.

"అందుకే బాబాయ్, బస్తా వేరేవాళ్ల చేత దింపించకుండా నేనే దింపుతున్నా," అన్నాడట మావాడు.

పానకాలు కొన్ని నెలలు జైల్లో ఉండి వచ్చాడు. సన్నబడి వచ్చాడుగానీ నోరు సన్నబడలేదు. మిరప మొక్కలు వేసే వేళకు ఊళ్లో దిగాడు. ఆ రోజు నుంచీ మా జానీబీ ఇంటికి కష్టాలు మొదలయ్యాయి.

ఖాజావలి గుంటూరులో ఉంటాడు. పోలీసు లైన్లలో పెళ్లయిన కానిస్టేబుళ్లకు ఇళ్లు చాలవు. అందుకని భార్య సైదాబీ, పొత్తిళ్లలో పాప ఖుర్షిదా, తల్లి జానీబీ ఊళ్లోనే ఉండేవాళ్లు. సైదాబీ నీళ్లకు వెళితే పానకాలు మనుషులు వెనక నుంచి పోలీసు ఈల ఊదేవాళ్లు. వాకిట్లోకి వస్తే ఎడం చేత్తో సెల్యూట్ కొట్టేవాళ్లు. సరిగ్గా గుమ్మానికి అడ్డంగా బండి విడిచి, ఎద్దులు తప్పిపోయాయని ఊరంతా వెతకడానికి వెళ్లేవాళ్లు. మంగలి హయాత్‌ను కూడా బెదిరించారు కాబోలు, లీవులో వచ్చిన ఖాజావలికి సగం గడ్డం గీసి, కత్తి మొద్దుబారిందని వెళ్లిపోయాడు. ఆ సగం గడ్డంతోనే మావాడు గుంటూరు వెళ్లి పెరేడులో నిలబడి చీవాట్లు తిన్నాడు.

నవ్వొచ్చే సంగతులు ఇవి. నవ్వు రానిది కూడా ఒకటి జరిగింది. ఖాజావలి లీవులో వస్తే ప్రత్తిపాడులో బస్సు దిగి, అక్కడ తెలిసినవాళ్లింట్లో ఉంచిన సైకిలు తీసుకుని, చేల గట్టు మీదుగా ఊరికి వచ్చేవాడు. ఒక మధ్యాహ్నం గట్టు మధ్యలో పానకాలు, మరో ముగ్గురు ఎదురొచ్చారు. మావాడు చొక్కా, లుంగీలో ఉన్నాడు. సైకిలు గాలి తీశారు. చొక్కా చింపారు. మనిషిని సైకిలుతో సహా ఎత్తి, పంట కాలవలోని నల్ల బురదలో నిలబెట్టారు. అప్పుడు పానకాలు అన్న మాట ఖాజావలి నాతో ఒక్కడితోనే చెప్పాడు. "టోపీ పెట్టుకున్నప్పుడు నువ్వు సర్కారోడివి. ఇప్పుడెవరివిరా? నిన్ను తంతే ఎవడొస్తాడు?"

మోకాళ్లదాకా బురదతో ఇంటికొచ్చిన కొడుకును చూసి జానీబీ ఏడవలేదు. గట్టు జారుడుగా ఉందా అని అడిగి, నీళ్లు తోడింది.

మావాడు స్టేషన్‌లో ఎస్సై గారికి చెప్పుకున్నాడు. ఆయన మంచివాడే, ఆలోచించాడు. యూనిఫాంలో ఉండగా కొడితే పోలీసును కొట్టినట్టు, అప్పుడు కేసు గట్టిగా ఉంటుంది అన్నాడు. అయితే యూనిఫాంలోనే ఊరికి పోతానండీ అన్నాడు మావాడు. లీవులో ఉండి యూనిఫాం వేసుకుంటే నీ మీదే కేసు అన్నాడు ఎస్సై. పోనీ సాక్షులెవరన్నా ఉన్నారా అని అడిగాడు. కాలవలో కొంగలున్నాయండీ అన్నాడు మావాడు.

అప్పటి నుంచి మా కుటుంబంలో ఒక కట్టడి పెట్టాం. ఖాజావలి వచ్చే తేదీ నోరు దాటకూడదు. జానీబీకి, సైదాబీకి, నాకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. నా భార్యకు కూడా నేను చెప్పలేదు. ఆవిడ అందుకు వారం రోజులు పులుసులో ఉప్పు వేయలేదు. అంత గుట్టుగా ఉంచినా, మావాడు వచ్చిన ప్రతిసారీ గట్టు మీద పానకాలు మనుషులు సిద్ధంగా ఉండేవాళ్లు. ఒకసారి సైకిలు దారిలో తుమ్మ ముళ్లు పరిచారు, ఇంకోసారి మూట కాలవలో పడేశారు. ఎవరు చెబుతున్నారు? నేను బస్సు కండక్టరును అనుమానించాను. పోస్టుమాన్‌ను అనుమానించాను. నా భార్యను కూడా అనుమానించాను, ఆవిడకు తెలియదన్న సంగతి మరిచిపోయి.

కనిపెట్టింది సైదాబీ. ఒకరోజు అత్తగారు వాకిట్లో కొడుకు పరుపు విప్పుకుని కూర్చుంటే చూసి, నెమ్మదిగా అందట. "అత్తా, మీ అబ్బాయి రేపొస్తున్నాడని పానకాలుకు చెప్పేది మీరే."

జానీబీకి కోపం వచ్చి మూడు రోజులు మాట్లాడలేదు. మాట్లాడలేదుగానీ చేతిలోని విల్లు పక్కన పెట్టింది. కొడుకు వచ్చే ముందురోజు వాడి పరుపు విప్పి, పత్తి మళ్లీ ఏకి, మెత్తగా చేసి కుట్టడం ఆవిడకు అలవాటు. దూదేకుల తల్లి కొడుకు మీద ప్రేమ చూపించేది అట్లాగే. అది మోగేది ఊరి అవతలి చేలదాకా. మేము గొంతు తగ్గించి గుసగుసలాడుకున్న తేదీని ఆవిడ విల్లు టముకు వేసి చెబుతూ వచ్చింది.

తెలిశాక ఊరుకునే రకం కాదు నా చెల్లెలు. ఖాజావలి రాని రోజులన్నీ ఎంచుకుని వాటి ముందురోజు విల్లు మోగించడం మొదలుపెట్టింది. పానకాలు, వాడి మనుషులు పత్తి చేలో కలుపు వదిలేసి, ఎండలో గట్టు మీద పడిగాపులు పడేవాళ్లు. వాళ్లలో పీరు అనేవాడు నీడ కోసం పొదలో దూరి, ఎర్ర చీమల పుట్ట మీద కూర్చుని, ఊళ్లోకి పరుగెత్తుకొచ్చాడు. ఖాజావలి మాత్రం చప్పుడు లేని రోజున చప్పుడు లేకుండా వచ్చి వెళ్లేవాడు. గెలిచామని అందరం అనుకున్నాం. జానీబీ అనుకోలేదు. కొడుకు ఉండలు కట్టిన పరుపు మీద పడుకుని, తెల్లారి నడుము పట్టుకుని లేస్తుంటే ఆవిడ అటు చూసేది కాదు.

గట్టు మీద పని జరగడం లేదని పానకాలుకు అర్థమైంది. ఇక తేదీతో పనిలేని ఉపాయం ఎత్తాడు.

మా జానీబీ ఇల్లు ఊరి చివర. తూర్పు మొహం. ముందు చిన్న డొంక, డొంకకు అవతల పానకాలు కల్లం, కల్లం వెనక వాడి ఇల్లు. 1961లో రంజాను నెల సరిగ్గా మిరప కోతల్లో పడింది. కల్లాల నిండా ఎర్రగా కాయలు పరిచి ఉన్నాయి. ఏరి పారేసిన తాలుకాయలు, రంగు పోయి తెల్లబడ్డవి, కుప్పలు కుప్పలు. ఆ రోజుల్లో సాయంత్రమైతే సముద్రం వైపు నుంచి గాలి మళ్లుతుంది. తూర్పు నుంచి పడమరకు. పానకాలు ఒక రోజు పొద్దుగూకే వేళ, సరిగ్గా మేము ఉపవాసం విడిచే సమయానికి, డొంక అంచున పొయ్యి పెట్టి గంపెడు తాలుకాయలు నిప్పుల మీద పోశాడు.

ఆ పొగ సంగతి మన ప్రాంతం వాళ్లకు నేను వర్ణించనక్కరలేదు. గొంతులో మేకు దిగినట్టుంటుంది. రోజంతా ఉపవాసం ఉండి, నోట్లో ఖర్జూరం పెట్టుకున్న ఖాజావలి అది మింగలేక, ఉమ్మలేక గోడ పట్టుకుని వంగిపోయాడు. ఆ నెలకు లీవు పెట్టి వచ్చాడు వాడు. పసిపిల్ల ఖుర్షిదా దగ్గి దగ్గి నీలిరంగు తిరిగింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఖాజావలి డొంక దాటి వెళ్లి అడిగితే పానకాలు ఒళ్లో మనవణ్ణి కూర్చోబెట్టుకుని ఉన్నాడు. పిల్లాడికి దిష్టి తీస్తున్నానన్నాడు. దిష్టి తీస్తే ఏ సెక్షనో చెప్పమన్నాడు.

మునసబు శ్రీమన్నారాయణ గారి ముందు పంచాయితీ పెట్టించాను నేను. పానకాలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా మనవడికి నేను దిష్టి తీసుకోకూడదా అని అడిగాడు. తీసుకోవచ్చుగానీ, గుప్పెడు కాయలు చాలవా, గంపెడా అన్నారు మునసబు గారు. "పిల్లాడు బొద్దుగా ఉంటాడండి," అన్నాడు పానకాలు. కూర్చున్నవాళ్లంతా నవ్వారు. మునసబు గారు కూడా నవ్వాపుకుని, దిష్టి తీయొద్దని చెప్పే అధికారం నాకు లేదు అని లేచారు. మేము ఓడిపోయాం.

ఇంటికొచ్చాక సైదాబీ మొగుడి ముందు నిలబడింది. ఆ పిల్ల గట్టిగా మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు. "ఉద్యోగం నీది. దగ్గు మాది. ఇక దగ్గే ఓపిక పిల్లకు లేదు," అంది.

ఖాజావలి పాప వీపు నిమిరాడు. పండగ వెళ్లాక గుంటూరు పోయి యూనిఫాం ఒప్పజెప్పి వస్తానన్నాడు. ఏకుడు పని ఎక్కడికీ పోలేదు కదా అన్నాడు. ఎన్ని పరుపులు, ఎంత ఛాతీ, ఆ సైకిలు కప్పు, పేపర్లో పడ్డ పేరు, అన్నీ గంపెడు తాలుకాయల్లో కాలిపోతున్నాయి. మా వాళ్లలో సర్కారు జీతం తీసుకున్న మొదటివాడు వాడు.

జానీబీ మాత్రం కొడుకును చూడడం లేదు. డొంకకు అవతల, కల్లంలో నిలబడి ఉన్న పానకాలు భార్య పేరమ్మను చూస్తోంది.

ఇక్కడ పేరమ్మ గురించి చెప్పాలి. పేరమ్మ మంచి మనిషి. మొగుడి కక్ష సంగతి ఆవిడకు తెలియదు. వాడు నిజంగానే మనవడికి దిష్టి తీస్తున్నాడని నమ్మింది. దిష్టికి మిరపకాయలు కాల్చినప్పుడు ఘాటు వచ్చి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు, ఘాటు రాకపోతే గట్టి దిష్టి తగిలినట్టు. ఇది చంటిపిల్లలున్న ప్రతి ఇంట్లో తెలిసిన సంగతే. పానకాలు గాలివాటం చూసి మరీ పొయ్యి పెట్టడం వల్ల వాడి కల్లంలోకి పొగ పిసరంత వచ్చేది కాదు. అందుకని పేరమ్మ రోజూ పొయ్యి దగ్గర నిలబడి, జానీబీ ఇంటివైపు చెవి పెట్టేది. ఆ ఇంట్లో దగ్గు వినబడగానే హమ్మయ్య అనుకుని లోపలికి వెళ్లేది. మేము దగ్గి చస్తుంటే ఆవిడకు ధైర్యం చిక్కేది.

జానీబీ ఇది కనిపెట్టింది. మర్నాడు మధ్యాహ్నం ఖుర్షిదాను ఊరి రెండో కొసన ఉన్న మా ఇంటికి పంపేసింది. పొద్దు వాలేసరికి వాకిట్లో చాప పరిచి, ఊళ్లోవాళ్ల పాత పరుపు ఒకటి విప్పింది. నన్ను, ఖాజావలిని, సైదాబీని కూర్చోబెట్టి తలా ఒక గుడ్డ ఇచ్చింది. మడతలో మామూలుకంటే నాలుగింతలు పత్తి పెట్టి, బాగా తడిపి, ముక్కూ నోరూ బిగించి కట్టమంది. దూదేకులవాళ్లు దూది ఏకుతూ మొహానికి గుడ్డ కట్టుకుంటే ఎవరికి అనుమానం వస్తుంది?

మసీదు నుంచి బాంగు వినబడింది. గుడ్డ కొస కాస్త ఎత్తి ఖర్జూరం లోపలికి తోసుకున్నాం. ఎదుట పొయ్యి అంటుకుంది. పొగ డొంక దాటి మా మీదికి వచ్చింది. నా అరవై ఏళ్లలో, దగ్గకుండా కూర్చోవడమంత కష్టమైన పని ఇంకేదీ చేయలేదు. కళ్లు మండిపోయాయి, నీళ్లు ధారగా కారాయి. కళ్లనీళ్లకు చప్పుడు ఉండదు. జానీబీ విల్లు మోగిస్తూనే ఉంది.

అవతల పేరమ్మ నిలబడి వింటోంది. విల్లు తప్ప ఏమీ లేదు. కాసేపటికి సైదాబీ గొంతు పెంచి, "పేరమ్మత్తా, ఇవాళ కాయలు కాల్చలేదా? వాసనే రాలేదే," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల కాలిబొటనవేలు చాపలోకి దిగబడిపోయింది. దగ్గు రాకుండా పట్టుకున్న పట్టు అది.

పేరమ్మ గుండె జారిపోయింది. ఇంకో గంపెడు వేయమంది మొగుణ్ణి. వేశాడు. మా వాకిట్లో విల్లు మోగుతోంది. ఇంకో గంప తెమ్మంది. ఆ రోజు పిల్లాడు అన్నం కూడా సరిగ్గా తినలేదట, మధ్యాహ్నం జామకాయలు మెక్కి. పేరమ్మ గుండెలు బాదుకుంటూ, ఇన్ని కాయలు కాల్చినా ఘాటు లేదంటే ఏ పాపిష్టి కళ్లు పడ్డాయో అని మొదలుపెట్టింది. ఎదురింటివాళ్లు దగ్గడం లేదేమిటి, వెళ్లి చూసిరా అని మొగుణ్ణి తోసింది.

పానకాలుకూ అర్థం కాలేదు. ఎలా దగ్గడం లేదు వీళ్లు? తలగుడ్డ విదిలించుకుని డొంక దాటాడు. పొగలోకి వచ్చాడు. మా వాకిట్లో అడుగుపెట్టి, "ఏందిరా, మీకు..." అన్నాడు. అంతవరకే అనగలిగాడు.

మూడు గంపల తాలుకాయల పొగ ఒక్క పీల్పులో తీసుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. రెండు చేతులూ గాలిలో ఆడించి, కళ్లు కనబడక విడిపోయిన పత్తిలోకి బోర్లా పడ్డాడు. ఆ పత్తి నోట్లోకి, ముక్కులోకి పోయింది. ఊపిరి అందడం లేదు. ఖాజావలి విల్లు దాటి ఒక్క దూకు దూకి వాణ్ణి ఎత్తాడు. తన మొహానికి ఉన్న గుడ్డ విప్పి పానకాలు మొహానికి కట్టాడు. లోపలికి మోసుకుపోయి, కుండలోని చల్లటి మజ్జిగ కళ్లమీద పోశాడు. గుడ్డ లేకుండా ఆ పొగలో వాడు దగ్గిన దగ్గు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. లీవులో ఉన్నాడు, లుంగీలో ఉన్నాడు, తలమీద టోపీ లేదు. అయినా అది డ్యూటీయే అంటాను నేను.

కాస్త తెరిపిన పడ్డాక పానకాలు కళ్లు నులుముకుని, తన మొహానికున్న తడిగుడ్డను వేళ్లతో తడిమాడు. మడతలో పత్తి తగిలింది. గుంటూరు రోడ్డు మీద మిరప బస్తా విప్పిన రోజున మావాడి మొహాన ఉన్నది కూడా ఇలాంటి గుడ్డే. వాడికి అంతా తెలిసిపోయిందని వాడి చూపులోనే కనబడింది.

అప్పటికే పొయ్యి ఆరి పొగ తేలిపోయింది, ఆ దగ్గులన్నీ పత్తి నూగు వల్లే అనుకుంటూ పేరమ్మ మనవణ్ణి చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చేసింది. ఇక్కడ పానకాలు ఇరుక్కుపోయాడు. వాళ్లు ముక్కులు మూసుకున్నారే, అందుకే దగ్గలేదే అని చెప్పాలి. చెబితే, ముక్కులు ఎందుకు మూసుకున్నారు అని పేరమ్మ అడుగుతుంది. వాళ్లు దగ్గాలనే నేను కాల్చానని చెప్పాలి. అంటే ఇన్నాళ్లూ మనవడి పేరు చెప్పి, వాడికి తీయని దిష్టి తీసినట్టు నాటకమాడానని ఒప్పుకోవాలి. పేరమ్మ చేతిలో అట్లకాడ కూడా ఉంది. పానకాలు ఆ గుడ్డనే మళ్లీ నోటి మీదికి లాక్కున్నాడు.

పేరమ్మ నేరుగా జానీబీ దగ్గరికి వెళ్లి పిల్లాణ్ణి కాళ్ల దగ్గర దింపింది. ఊళ్లో ఏ పిల్లాడు జడుసుకున్నా, పాలు తాగకపోయినా, కులం మతం చూడకుండా జానీబీ దగ్గరికే తెచ్చి ఊదించుకుంటారు. జానీబీ మొహం మీది గుడ్డ విప్పి, పిల్లాడి తల నిమిరి, పెదాలు కదిలించి మూడుసార్లు ఊదింది. మెడలో నల్ల దారంతో తాయెత్తు కట్టింది. తర్వాత పేరమ్మతో, పానకాలు వినేటట్టు అంది.

"ఈ తాయెత్తుకు పత్యం ఉంది పేరమ్మా. మీ ఇంట్లో ఎండుమిరపకాయ కూరలో పడొచ్చుగానీ నిప్పులో పడకూడదు. ఇంకొకటి. నా కొడుకు ఊళ్లోకి వచ్చేరోజు ఈ పిల్లాడి తాత ఎదురెళ్లి, వాడి మూట మోసుకుని రావాలి. ఏ ఒక్కసారి తప్పినా ఇది పనిచెయ్యదు."

"తప్పడమ్మా," అంది పేరమ్మ. మొగుడి వైపు తిరిగి, "తప్పుతావా?" అంది.

పానకాలు అడ్డంగా తల ఊపాడు.

అందరూ వెళ్లాక నేను చెల్లెల్ని పక్కకు పిలిచి, ఆ షరతులు ఏ ప్రార్థనలో ఉన్నాయని అడిగాను. ఊదిందంతా దేవుడిదే, షరతులు నావి అంది.

పండగ వెళ్లింది. యూనిఫాం ఒప్పజెప్పి వస్తానన్నవాడు యూనిఫాం తొడుక్కునే డ్యూటీకి వెళ్లాడు. దాన్ని ఉతికి, గంజి పెట్టి, మడతపెట్టి మూటలో ఉంచింది సైదాబీయే. ఆ తర్వాతిసారి మావాడు ప్రత్తిపాడులో బస్సు దిగేసరికి పానకాలు చెట్టు నీడన తలగుడ్డ పరుచుకుని కూర్చుని ఉన్నాడట. మూట అందుకుని, గట్టు మీద ముందు నడిచాడట. మావాడు సైకిలు నడిపించుకుంటూ వెనక నడిచాడు. బురదలో నిలబెట్టిన చోటికి వచ్చాక పానకాలు ఆగి, వెనక్కి తిరగకుండా, "తడిపి కట్టారు గదరా," అన్నాడట.

"తడిపే కట్టాం బాబాయ్. పిన్నితో చెప్పు," అన్నాడట ఖాజావలి.

పానకాలు మూట భుజం మార్చుకుని నడిచాడు. పేరమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. ఈ సంచిక ఆవిడకు ఎవరూ చదివి వినిపించరని నా నమ్మకం. చదివి వినిపించినా మరేం ఫరవాలేదు, పిల్లాడికి తాయెత్తు చాలకుండా పోయేటంత మెడ వచ్చింది.

పానకాలు ఇంకా సారా కాస్తున్నాడా అని కొందరు అడుగుతారు. నాకు తెలియదు, తెలిసినా ఇక్కడ రాయను. కల్లంలో తాలుకాయలు మాత్రం ఇప్పుడు గోతిలో పూడ్చిపెడుతున్నాడు. మంగలి హయాత్ కూడా మావాడికి గడ్డం రెండు వైపులా గీస్తున్నాడు. ఈలలు లేవు. ఎడం చేతి సెల్యూట్లు కొడితే పేరమ్మ ఊరుకోదు.

ఇక మా మేనల్లుడి విజయాల్లో అన్నిటికంటే కొత్తది. కిందటేడు హెడ్ కానిస్టేబుల్ సెలక్షన్లలో మావాడు నెగ్గాడు. అక్కడ కూడా ఛాతీ కొలిచారు. ఈసారి టేపు చాలక, కొలిచేవాడు కొసను వేలితో అదిమి పట్టుకోవలసి వచ్చిందని ఖాజావలి చెప్పలేదు, వాడి తోటివాళ్లు చెప్పారు. ట్రైనింగుకు అనంతపురం పంపారు. నెలల తరబడి ఊరికి రాలేదు. పాప ఖుర్షిదా పరుగెత్తడం నేర్చుకుంది, మాటలు నేర్చుకుంది, సైకిలు కప్పులో నీళ్లు తాగుతోంది.

ఒకప్పుడు వాడు వచ్చే తేదీని మేము నాలుక కింద దాచుకున్న సంగతి పైన రాశాను. ఇప్పుడు వారానికొకసారి పానకాలు మా గోడ దగ్గర ఆగి నన్ను పిలిచి, "బుడానన్నా, మావోడు ఎప్పుడొస్తున్నాడు? ముందుగా చెప్పు, బండి కట్టుకుని పోతా," అంటున్నాడు. జానీబీ విల్లుకు కొత్త నారి కట్టించింది. ముందురోజు పొద్దున్నే పరుపు విప్పుతుంది, ఊరంతా వినబడేటట్టు మోగిస్తుంది. అది వినేదాకా ఆగలేనివాళ్ల కోసం, గుట్టు ఏమీ లేకుండా, అచ్చులో అందరూ చూసేటట్టు రాస్తున్నాను. హెడ్ కానిస్టేబుల్ ఖాజావలి మధ్యాహ్నం బస్సుకు ప్రత్తిపాడులో దిగేది 1963 ఫిబ్రవరి ఇరవై నాలుగు, ఆదివారం.